ఎడమవైపు మృదంగం

13 నవంబరు, గురువారం

సోమవారం పొద్దుట సంగతి అప్పుడే రాయాల్సింది. వదిలేశాను. ఇప్పుడు రాస్తున్నాను. పెద్దగా ఏమీ లేదు.

కార్తీక సోమవారం కనుక నాలుగింటికే లేచాను. తలస్నానం చేసి తులసికోట దగ్గర దీపం పెట్టాను. మంచు పడుతోంది. మూడో అగ్గిపుల్లకి వెలిగింది. ఉపవాసం కనుక నాకు కాఫీ అక్కర్లేదు గానీ తమ్ముడికీ మరదలికీ డికాక్షన్ వేసి ఉంచాను. ఫణికి చిక్కగా ఉండాలి. కనకదుర్గకి ఎలా ఉండాలో తెలియదు. ఎలా ఉన్నా తాగుతుంది, ఏమీ అనదు.

ఐదింటికి ముందుగదిలో నాన్న యాంప్లిఫయర్ స్విచ్ వేశాను. ఎర్ర దీపం వెలిగింది. కుర్చీలో కూర్చున్నాను. రెండు స్పీకర్లకీ మధ్య ఆ కుర్చీ ఎక్కడ ఉండాలో నాన్న గచ్చు మీద తెల్లరంగుతో నాలుగు చుక్కలు పెట్టారు. ఆయన పోయి పదకొండేళ్లయింది. కుర్చీ నాలుగు కాళ్లూ ఆ చుక్కల మీదే ఉంటాయి. ఇల్లు తుడిచే మనిషి మారినప్పుడల్లా మొదట చెప్పేది అదే.

సోమవారాలు వినేది ఒకటే కచేరీ. నాన్న ఎవరి దగ్గరో టేపు అడిగి ఎక్కించుకున్నది. తర్వాత సీడీ అయింది, ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉంది. గాత్రం మధ్యలో, వయొలిన్ కుడివైపు, మృదంగం ఎడమవైపు. ముప్ఫై ఏళ్లుగా వాళ్లు అక్కడే కూర్చున్నారు.

సోమవారం మృదంగం రాలేదు.

బొత్తిగా రాలేదని కాదు. పక్కింట్లో తలుపులు వేసుకుని వాయిస్తున్నట్టు వచ్చింది. దానికి తోడు సన్నగా ఒక కూత, కుక్కర్ మూత సరిగా పడనప్పుడు వచ్చేలాంటిది. స్విచ్ ఆపేశాను. పాట ఆగింది. కూత ఆగలేదు. ప్లగ్ పీకేశాను. అయినా ఆగలేదు. ఇంటి వైరింగ్‌లో దోషం కావచ్చు.

పూజ చేసుకుని ఎనిమిదింటికి స్కూటీ మీద బడికి బయల్దేరాను. రావికమతం దారిలో ఎడమపక్క సందులోంచి చెరకు ట్రాక్టరు వచ్చి దాదాపు మీద పడింది. హారన్ కొట్టకుండా వచ్చి, మళ్లీ ఆ డ్రైవరే అరిచాడు. 

బడిలో కూడా కూత ఉంది. పాత బిల్డింగు. అక్కడా వైరింగ్ బాగాలేదు.

15 నవంబరు, శనివారం

ఫణికి చెప్పాను. యాంప్లిఫయర్ పోయింది, ఎడమ రావడం లేదు అని. వాడు కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుని పది నిమిషాలు విన్నాడు. బ్యాంకులో రుణాల కాగితాలు చూసేటప్పుడు పెట్టే ముఖమే పెట్టాడు.

అవునక్కా, ఎడమ కొంచెం తగ్గింది అన్నాడు. కనకదుర్గ వంటింటి గుమ్మంలోంచి, తగ్గినట్టే ఉంది అంది.

ముగ్గురం ఒకటే అన్నాం కనుక సందేహం లేదు. కొత్తది కొనాలి. డిసెంబరు పదహారున ధనుర్మాసం మొదలు. నెల రోజులు తెల్లవారకముందే వీధిలో ఆడవాళ్లు వస్తారు. పాట పెడితే దాంతో కలిసి పాడుకుంటాం. అమ్మ పెట్టిన అలవాటు. ఎడమ రాకుండా ఎలా?

ఖరీదైనది వద్దన్నాను. స్పీకర్లు నాన్నవి బాగానే ఉన్నాయి. వాటిని పలికించగలిగినది చాలు. ఫణి చాలా సంతోషంగా కనపడ్డాడు. వాడు ఏదైనా ఎంచి కొని చాలా కాలమైంది.

17 నవంబరు, సోమవారం

ఆఖరి కార్తీక సోమవారం. లేస్తూ గోడ పట్టుకున్నాను. గది ఒకసారి తిరిగింది. ఉపవాసం వల్ల.

19 నవంబరు, బుధవారం

సాయంత్రం ఫణి నాకు యాంప్లిఫయర్ల గురించి చెప్పాడు. వాడికి తెలిసినంతా చెప్పాడు కనుక వంట ఆలస్యమైంది.

నాన్న స్పీకర్లు ఎనిమిది ఓమ్‌లట. ఇంట్లో మామూలుగా వినడానికి నిజంగా ఖర్చయ్యేది ఒకటి రెండు వాట్లేనట. అయినా ముప్ఫై నలభై వాట్లది తీసుకోవాలట, మృదంగం మీద గట్టి దెబ్బ పడినప్పుడు ఆ క్షణానికి ఎక్కువ కావాలి కనుక. వెయ్యి వాట్లు అని అట్టపెట్టె మీద రాసేవాళ్లని నమ్మకూడదట. గుమ్మనే హమ్ ఉండకూడదు. లోపలి వేడి బయటికి పోవాలి. వైరు వైరుకి తగిలినా కాలిపోకుండా తనంతట తాను ఆగిపోయేదై ఉండాలి. చిన్న చిప్పుతో చేసినవి ఇప్పుడు చవకగా వస్తున్నాయట, బరువైన ట్రాన్స్‌ఫార్మరు ఉన్న పాతరకం వాటికి వేరే భక్తులు ఉన్నారట.

యూట్యూబులో ఒకాయన నలభై నిమిషాలు మాట్లాడాడు. ఆరు యాంప్లిఫయర్లు వరసగా పెట్టి, ఒక్కొక్కదాన్ని తిట్టి, ఒక్కొక్కదాన్ని పొగిడి, చివరికి ఎవరు చెప్పినా వినకండి, మీ చెవినే నమ్ముకోండి అన్నాడు.

ఆ మాట నాకు నచ్చింది.

20 నవంబరు, గురువారం

ఫోను కూడా పాడైంది. శ్రీరంజని విశాఖ నుంచి చేసింది, ఎత్తితే గొంతు లేదు. చెయ్యి మార్చుకుంటే వచ్చింది. లూజు కాంటాక్టు. 

చెల్లెలికి యాంప్లిఫయర్ సంగతి చెప్పాను. తను కూడా చూస్తానంది. కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది కనుక దీన్ని నాకన్నా, ఫణికన్నా పెద్ద విషయంగా తీసుకుంది.

23 నవంబరు, ఆదివారం

మొదటిది వచ్చింది. చిన్న చిప్పుది. చిన్నపిల్లల టిఫిన్ డబ్బా అంత ఉంది. నాన్న యాంప్లిఫయర్‌ని ఇద్దరు మోయాల్సి వచ్చేది. దీన్ని కనకదుర్గ చీపురుతో పాటు ఒక చేత్తో తెచ్చి బల్ల మీద పెట్టింది.

దేవుడి దగ్గర పెట్టి బొట్టు పెట్టాను. అమ్మ అల్లిన లేసు గుడ్డ పాతదాని మీద నుంచి తీసి దీని మీద కప్పాను. నాలుగువైపులా బల్ల దాకా వేలాడింది. ఫణి ఏదో అనబోయి, గుడ్డని వెనకవైపు కొంచెం ఎత్తి పెట్టాడు. దానికి గాలి కావాలట.

కూర్చుని విన్నాను. గాత్రం శుభ్రంగా ఉంది. వయొలిన్ ఎక్కడో కొత్తగా మెరుస్తోంది. ఎడమ తక్కువ.

ఎడమ తక్కువే అన్నాను. ఫణి నన్ను లేపి తను కూర్చుని విన్నాడు. చాలాసేపు విన్నాడు. లేచి నా వంక చూడకుండా, అవునక్కా, తక్కువే అన్నాడు. 

కొత్త వస్తువులో కూడా అదే దోషం ఉండటం విచిత్రం. చవకవి అన్నీ ఇంతే కావచ్చు. వెనక్కి పంపేటప్పుడు ఫోనులో యాప్ కారణం అడిగిందట. ఎడమ చానల్ బలహీనం అని నొక్కాడట.

25 నవంబరు, మంగళవారం

పక్కింటి సన్యాసమ్మ గారు గోడ మీద నుంచి తొంగిచూసి నాకేమైనా కోపమా అని అడిగారు. మూడు రోజులుగా పిలుస్తుంటే పలకడం లేదట. కోపం లేదన్నాను. అయితే గర్వమా అన్నారు. అదీ లేదన్నాను. 

ఆవిడ గొంతు తగ్గింది. అరవై ఎనిమిదేళ్లు. అడగడం బాగుండదు.

27 నవంబరు, గురువారం

ఎడమ వరసలో పిల్లలు హాజరు గొణుగుతున్నారు. గట్టిగా చెప్పమన్నాను. గట్టిగానే చెప్పేం టీచర్ అన్నారు. ఏడో తరగతికి ఇప్పుడే ఇంత అయితే పదికి ఎలా ఉంటారో.

30 నవంబరు, ఆదివారం

శ్రీరంజని రెండోది తెచ్చింది. కొత్తది కాదు. వాళ్ల కాలేజీలో రిటైరైన ఒకాయన ఇంట్లో వాడినది. బరువైనది, ముందు రెండు గాజు కిటికీలు, ఒక్కోదానిలో ఒక్కో సూది. ఎడమ చానల్‌లో ఎంత శబ్దం పోతే ఎడమ సూది అంత లేస్తుంది, కుడికి కుడిది. నచ్చకపోతే ఆయన వెనక్కి తీసుకుంటారట.

బొట్టు పెట్టాను. సూదులు కనపడాలని లేసు గుడ్డ వెనక్కి మడిచాను. గాలి కూడా పోతుంది.

అందరం కూర్చున్నాం. నేను చుక్కల మీద కుర్చీలో. కచేరీ మొదలైంది. సూదులు రెండూ లేచాయి. మృదంగం వంతు వచ్చేసరికి ఎడమ సూది గాజుకి కొట్టుకునేంతగా ఎగురుతోంది. నాకు పక్కింట్లో వాయిస్తున్నట్టే ఉంది.

దీనికీ ఎడమ తక్కువ అన్నాను.

 ఫణి గొంతు సవరించుకున్నాడు.

“ఎడమ సూది బాగానే ఎగురుతోందక్కా.”

“సూదులకి వినపడదు కదరా,” అన్నాను.

వాడు, అదీ నిజమే అన్నాడు. కనకదుర్గ కూడా తల ఊపింది. శ్రీరంజని, ఫిజిక్సు చెప్పే మనిషి, సూదులు పాతబడితే తప్పు చూపిస్తాయి అంది. అని నా వంక కొంచెంసేపు చూసింది. ఏటే అన్నాను. ఏం లేదక్కా అంది.

రెండోది కూడా కారెక్కింది. ధనుర్మాసానికి పదహారు రోజులు.

1 డిసెంబరు, సోమవారం

అమ్మకి చివరి ఆరేళ్లు వినపడలేదు. ఎందుకో ఇవాళ పూజలో గుర్తొచ్చింది.

మొదట్లో గట్టిగా చెప్పేవాళ్లం. తర్వాత రెండుసార్లు చెప్పేవాళ్లం. తర్వాత, అందరం మాట్లాడుకున్నాక చివర్లో ఏమనుకున్నామో ఆమెకి చెప్పేవాళ్లం. తర్వాత అదీ మానేశాం. ఎవరూ కావాలని చేయలేదు. ఆమె నవ్వుతూ కూర్చునేది. నవ్వుతోంది కదా అని మేం అనుకునేవాళ్లం.

ముందుగదికి ఆకుపచ్చ రంగు వేయించినప్పుడు అమ్మని అడగలేదు. రంగువాళ్లు వెళ్లాక వచ్చి చూసి, బాగుంది అంది. ఆమెకి ఆకుపచ్చ ఇష్టం ఉండేది కాదు. నాకు తెలుసు. అడగకుండా వేయించింది నేనే.

ఇది యాంప్లిఫయర్ సంగతి కాదు. ఇక్కడ ఎందుకు రాశానో తెలియదు.

3 డిసెంబరు, బుధవారం

ఫణి ఇంకో మూడు చూశాడు. ఏది తెచ్చినా నువ్వు చెప్పాక చూద్దాం అక్కా అన్నాడు. బ్యాంకులో ఎవరో నవ్వారట, ఇల్లు కొనేవాడు కూడా ఇన్నిసార్లు తిరగడు అని.

నా మాట వినకుండా ఈ ఇంట్లో ఏదీ జరగదు. పొగరుతో అనడం లేదు. అమ్మా నాన్నా పోయాక అలా జరిగిపోయింది.

6 డిసెంబరు, శనివారం

ఇవాళ పరదేశి వచ్చాడు.

పెళ్లిళ్లకీ జాతరలకీ మైకుసెట్లు పెట్టేవాడు. ఇప్పుడు కొడుకులు చూసుకుంటున్నారు. నాన్న యాంప్లిఫయర్‌కి ఇరవై ఏళ్లు వైద్యం చేసినది అతనే. కొత్తవన్నీ ఒకేలా ఉంటే పాతదానికే మరమ్మతు చేయిద్దామని ఫణి పిలుచుకొచ్చాడు. రేపు వస్తానన్న శ్రీరంజని ఇవాళే వచ్చేసింది. ఎందుకని అడగలేదు.

పరదేశి నాన్న యాంప్లిఫయర్ మూత విప్పి, లోపల దుమ్ము ఊది, ఏవో రెండు చోట్ల మీటరు పెట్టి చూశాడు. రోగమేటని అడిగాడు. ఎడమ తక్కువన్నాను. అతను కుర్చీలో కూర్చోలేదు. స్పీకర్ల మధ్య నిలబడి రెండింటి మీదా ఒక్కో చెయ్యి పెట్టి విన్నాడు. రెండూ ఒకలాగే ఉన్నాయన్నాడు.

నేను లేవు అన్నాను. ఫణి, లేవేమో పరదేశీ అన్నాడు. కనకదుర్గ, కొంచెం తేడా ఉంది అంది.

పరదేశి మా అందరి ముఖాలూ ఒకసారి చూశాడు. వెనక్కి వెళ్లి వైర్లు మార్చాడు. ఇప్పుడు మృదంగం కుడి స్పీకర్లోకి వచ్చింది, వయొలిన్ ఎడమకి పోయింది. ఎలాగుందమ్మా అన్నాడు. మృదంగం బాగుంది, వయొలిన్ పోయింది అన్నాను. అయితే ఎడమ స్పీకరే పోయిందన్నమాట అన్నాడు ఫణి, కొంచెం ఆశగా.

 పరదేశి వైర్లు మళ్లీ ఎప్పటిలా పెట్టాడు. నన్ను ఒకసారి లేవమన్నాడు. కుర్చీ ఎత్తి, చుక్కల మీద నుంచి తీసి, వీధిగుమ్మం వైపు తిప్పి వేశాడు. స్పీకర్లకి వీపు పెట్టి కూర్చోమన్నాడు. ఆ కుర్చీని ఎవరూ అలా తిప్పలేదు. కూర్చున్నాను. కచేరీ మొదటి నుంచి పెట్టాడు.

మృదంగం వచ్చింది.

ఇరవై ఆరు రోజులైంది. పక్కింట్లో కాదు. గదిలో. ఒక్కో వేలు వేరుగా తెలిసింది. చర్మం మీద రుద్దినప్పుడు వచ్చే ఆ గుంకారం కూడా వచ్చింది. వంతు పూర్తయ్యేదాకా విన్నాను.

“బాగుపడింది పరదేశీ,” అన్నాను.

“నాను ఏటీ సెయ్యలేదమ్మా,” అన్నాడు. “కుర్సీ తిప్పేను. అంతే.”

ఫణి గోడ వైపు చూస్తున్నాడు. కనకదుర్గ పరదేశికి టీ పెడతానని లోపలికి వెళ్లింది. టీ తాగేటప్పుడు అతను నా కుడిపక్కకి వచ్చి కూర్చున్నాడు. నలభై ఏళ్లు పెద్ద పెద్ద మైకుల పక్కన నిలబడ్డాక అతనికి కుడి చెవి సగం పోయిందట. అడగకుండానే చెప్పాడు. మెషీన్లలో ఏ లోపమూ లేదన్నాడు. ఏమీ తీసుకోకుండా వెళ్లిపోయాడు.

కుర్చీ చుక్కల మీద లేకపోతే శబ్దం మారిపోతుందని నాన్న ఎప్పుడూ అనేవారు.

7 డిసెంబరు, ఆదివారం

రాయడానికి ఏమీ లేదు.

8 డిసెంబరు, సోమవారం

వైరింగ్ దోషం కాదు.

9 డిసెంబరు, మంగళవారం

పొద్దుట ఫణికి కాఫీ ఇస్తూ చెప్పాను. నాకు ఎడమ చెవి వినపడటం లేదు, నెల అయింది అని. గ్లాసు కింద పెట్టేశాడు. కనకదుర్గ వచ్చి గుమ్మంలో నిలబడింది.

మొదటిది బాగానే ఉందా అని అడిగాను.

“బాగానే ఉందక్కా.”

“సూదులది?”

“అదీ బాగానే ఉంది.”

“నాన్నది?”

“దానికేటీ అవలేదు.”

“మరి తక్కువ, తక్కువ అన్నావేరా?”

వాడికి నలభై తొమ్మిదేళ్లు. బ్యాంకు మేనేజరు. గ్లాసు వైపు చూస్తూ చెప్పాడు.

“నువ్వన్నావు కదా.”

 బడికి టైమైంది. స్కూటీ తాళం కోసం చూస్తే మేకుకి లేదు. కనకదుర్గ చేతిలో ఉంది. ఇవ్వలేదు, ఇవ్వనని కూడా అనలేదు. ఆమె కొంగులో చెయ్యి అలాగే పెట్టుకుని నిలబడితే, నేను ఆటోకి వెళ్లాను.

11 డిసెంబరు, గురువారం

అనకాపల్లిలో చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాం. నేనూ ఫణీ. 

బయట కూర్చున్నప్పుడు నన్ను కమలాంబ గారూ అని మూడుసార్లు పిలిచారట. మొదటి రెండుసార్లు ఎడమవైపు నుంచి. చిన్న గదిలో తలుపు వేసి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వచ్చినప్పుడు బటన్ నొక్కమన్నారు. కుడికి చాలాసార్లు నొక్కాను. ఎడమకి ఎదురుచూశాను. మధ్యలో ఒకసారి మర్యాద కోసం నొక్కాను. దాన్ని లెక్కలోకి తీసుకోలేదట.

డాక్టరు ఇంకా చిన్నవాడు. కాగితం చూసి, ఎన్నాళ్లుగా ఇలా ఉంది అని ఫణిని అడిగాడు. ఫణి నన్ను చూశాడు.

“అక్కనే అడగండి. చెవి ఒకటే పోయింది,” అన్నాడు.

వాడు అలా మాట్లాడగలడని తెలియదు.

నవంబరు పది, సోమవారం, పొద్దుట ఐదు గంటలు అన్నాను. అంత కచ్చితంగా ఎవరూ చెప్పరన్నాడు డాక్టరు. రాసుకున్నానన్నాను. కూత కూడా ఆరోజేనా అన్నాడు. ఆరోజే. కళ్లు తిరగడం? పదిహేడున. అతను పెన్ను మూత పెట్టాడు. ఇలా ఉన్నట్టుండి ఒక చెవి పోయినప్పుడు మొదటి వారం పది రోజుల్లో వస్తే మందుకి కొంత పలికే అవకాశం ఉంటుందట. అప్పుడు వెంటనే ఎందుకు రాలేదు అని అడిగాడు.

యాంప్లిఫయర్ చూస్తున్నాం అన్నాను.

మందులు రాశాడు. ఆశ పెట్టుకోవద్దన్నాడు. కుడి చెవి చాలా బాగుందన్నాడు. వినికిడి మిషను సంగతి మూడు నెలల తర్వాత చూద్దామన్నాడు. బండి నడపవద్దన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఫణి నా ఎడమవైపు కూర్చున్నాడు. మొహం కిటికీ వైపు పెట్టుకున్నాడు. దారంతా ఏమైనా అన్నాడేమో తెలియదు. 

వెంకన్నపాలెం దాటాక నేనే అన్నాను, చెప్పాల్సింది నేను, కనుక ఇది నీ లెక్కలో వేసుకోకు అని. తల ఊపాడు. ఒప్పుకున్నాడో, అలవాటుకి ఊపాడో తెలియదు. అదే కష్టం.

12 డిసెంబరు, శుక్రవారం

చాలా నిజాయితీగా రాసుకోవాలి కనుక రాస్తున్నాను. పరదేశి కుర్చీ తిప్పినప్పుడు కాదు నాకు తెలిసింది. సూదులు ఎగిరినప్పుడే తెలిసింది. అంతకు ముందు, ఫోను చెయ్యి మార్చినప్పుడు కూడా కొంచెం తెలిసింది. 

అమ్మ నవ్వుతూ కూర్చునేది. ఆ కుర్చీ నాకు వద్దు అనుకున్నాను. అంతే. 

సన్యాసమ్మ గారికి గోడ దగ్గర సంగతి చెప్పాను. అయితే ఇన్నాళ్లూ నేను తిట్టినవి వినలేదా అన్నారు. లేదన్నాను. మళ్లీ చెప్పమంటారా అన్నారు. కుడివైపుకి వచ్చి చెప్పమన్నాను. మామిడికాయ పచ్చడి ఇచ్చి వెళ్లారు.

14 డిసెంబరు, ఆదివారం

సాయంత్రం దీపం పెట్టాక అందరం ముందుగదిలో కూర్చున్నాం. నేను, ఫణి, కనకదుర్గ, విశాఖ నుంచి వచ్చిన శ్రీరంజని. ఎల్లుండి ధనుర్మాసం. శ్రీరంజని సూదుల యాంప్లిఫయర్‌ని మళ్లీ కార్లో తెచ్చింది. ఆ రిటైరైన ఆయన ఒకసారి ఇంటి నుంచి వెళ్లినదాన్ని మళ్లీ తీసుకోవడానికి ఇష్టపడలేదట. అది బల్ల మీద ఉంది. పక్కన నాన్నది. 

అనుకున్నవి రాస్తున్నాను.

బడికి ఇకమీద పైడితల్లి టీచరుతో ఆటోలో వెళ్తాను. ఆటోలో ఎడమ చివర కూర్చుంటాను, అప్పుడు మాట్లాడేవాళ్లందరూ కుడివైపు ఉంటారు. ధనుర్మాసం పాటలకి కూడా అదే పద్ధతి. నేను ఎడమ గోడ వారగా కూర్చుంటాను. స్కూటీ కనకదుర్గ నేర్చుకుంటుంది. తాళం ఎలాగూ ఆమె దగ్గరే ఉంది.

కుర్చీ తిప్పాలి. ఫణి తెల్లరంగు తెచ్చాడు. కుడి చెవి స్పీకర్ల వైపు ఉండేలా పక్కకి తిప్పి, నాలుగు కొత్త చుక్కలు పెట్టాడు. పాత చుక్కలు చెరపనా అని అడిగాడు. వద్దన్నాను. చుక్కలు ఆరేదాకా కుర్చీ పెట్టొద్దన్నాడు కనుక నేను నిలబడే ఉన్నాను.

తర్వాత నేను ఒక మాట చెప్పాను. ఇకమీద ఈ ఇంట్లో నేను ఉందన్నది లేకపోతే, లేదని ఎవరో ఒకరు నాతో చెప్పాలి. నాకు వినపడేలా, కుడివైపు నుంచి. అది మర్యాద తక్కువ కాదు. ఒప్పుకుంటారా అన్నాను.

అందరూ వెంటనే ఒప్పుకున్నారు. ఒక్కరు కూడా కాదనలేదు.

ఇక యాంప్లిఫయర్. నా అభిప్రాయం చెప్పాను. ఒక చెవికి రెండు వైపులు దండగ. రెండు చానళ్లూ కలిపి ఒకే స్పీకర్లోంచి వచ్చేలా చేయవచ్చని శ్రీరంజని అంది. అలా చేస్తే మృదంగం, వయొలిన్ అన్నీ నాకు ఒకేచోటి నుంచి వస్తాయి. దానికి నాన్నది చాలు. సూదులది ఎవరికైనా ఇచ్చేద్దాం. రెండో స్పీకరు అటక మీద పెడదాం. గది కూడా ఖాళీ అవుతుంది.

ఫణి సరే అక్కా అన్నాడు. శ్రీరంజని, నీకెలా సుఖమైతే అలాగే అంది. ఇద్దరూ స్పీకరు దగ్గరికి లేచారు కూడా.

“వద్దు వదినా.”

కనకదుర్గ అంది. నా కుడివైపు నిలబడి అంది. ముందే వచ్చి అక్కడ నిలబడినట్టుంది, నేను గమనించలేదు. ఫణి చేతిలో స్పీకరు అలాగే ఉండిపోయింది.

“మీకు వద్దేమో. మాకు రెండువైపులా వినపడతాది,” అంది. 

తర్వాత, మొదలుపెట్టింది కనుక మిగతాది కూడా చెప్పింది. ఎడమ స్పీకరు వంటింటి గోడకి దగ్గరట. ఇరవై రెండేళ్లుగా ఆమెకి పొద్దుట పొయ్యి దగ్గర వినపడేది ఎక్కువగా మృదంగమేనట. కచేరీలో మిగతా ఇద్దరూ ఏం చేస్తున్నారో ఆమెకి పెద్దగా తెలియదట. ఆ మృదంగం దెబ్బలకే ఉప్మాలో గరిటె తిప్పడం అలవాటైందట. నవంబరులో మృదంగం ఎక్కడా తగ్గలేదట. అంతా బాగానే వినపడుతుంటే తగ్గిందని అన్నందుకు నెల రోజులుగా ఆమెకి అన్నం సహించడం లేదట.

ఇరవై రెండేళ్లలో ఆమె నా మాట కాదనడం ఇదే మొదలు.  కూత ఒకటే ఉంది. 

సరే అన్నాను.

అదే ఊపులో, పొద్దుట నేను వేసే డికాక్షన్ తనకి మరీ చేదుగా ఉంటోందని కూడా చెప్పింది.

సూదుల యాంప్లిఫయర్ ఉంటుంది. స్పీకర్లు రెండూ ఎక్కడివక్కడే. రేపటి నుంచి డికాక్షన్ రెండు రకాలు.